చెట్లు నాటిన దైవసేవకుడు
విలియం కేరీగారి జీవితము

ధ్యాన భాగములు: కీర్తన 92:12–15, మార్కు 4:26–29, యాకోబు 5:7, 8

తాటిపండు తిని టెంకను పాతరవేయువారికి ఒక సంగతి బాగుగా తెలియును. టెంకనుండి మొదట పుట్టునది పైకి రాదు, క్రిందికి పోవును. మూడు నాలుగు నెలలు నేలమీద ఏమియు కనబడదు. లోపల మాత్రము తేగ దిగియుండును. సంక్రాంతి ముందర త్రవ్వి కాల్చుకొని తిందుము గనుక మనకది తినుబండారము. త్రవ్వక విడిచినచో అదియే చెట్టునకు ఆధారము. ఆ తరువాత ఒక ఆకు, మరి కొన్నాళ్లకు ఇంకొక ఆకు. మ్రాను నేల విడిచి లేచుటకే ఏండ్లు పట్టును. పండ్రెండు మొదలు ఇరువది ఏండ్లకు గాని గెల వేయదు.

ఇట్టి చెట్ల నడుమ పుట్టి పెరిగిన మనము ఆత్మీయ విషయములలో మాత్రము ఆనపతీగ పెరుగుదల కోరుచున్నాము. ఈ సంవత్సరము ఎందరు బాప్తిస్మము పొందిరని అడిగినప్పుడు, సున్న వ్రాయవలసిన ఉపదేశి తల వంచుకొనును. పదియేండ్లు ప్రార్థించినను భర్త మారలేదని ఒక సహోదరి సోలిపోవును. రక్షణ పొంది అయిదేండ్లయినను కోపము తగ్గలేదని ఒక యౌవనుడు తన విశ్వాసమునే అనుమానించును. యోనాకు నీడనిచ్చిన సొరచెట్టు ఒక్క రాత్రిలో లేచెను, ఒక్క రాత్రిలోనే నశించెను (యోనా 4:10). కీర్తనకారుడు నీతిమంతుని పోల్చినది దానితో కాదు. ఖర్జూర వృక్షముతోను లెబానోను దేవదారుతోను పోల్చెను. ఈ నెల ధ్యానమునకు మేము విలియం కేరీగారి జీవితమును ఎన్నుకొన్నాము. ఆయన వాక్యము విత్తినవాడు, నిజముగా చెట్లు నాటినవాడును. మన తెలుగు భాషకును ఆయనతో సంబంధము కలదు.

కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లాండు దేశమున నార్తాంప్టన్ ప్రాంతములోని పాలర్స్‌పురి అను పల్లెలో పుట్టెను. తండ్రి మగ్గము నేయువాడు, తరువాత ఆ పల్లెకు బడిపంతులు ఆయెను. కెనడా దేశములో ఉండి తిరిగివచ్చి తోటపని చేయుచున్న తండ్రి సహోదరుడు పీటరు అనునాయన ఈ బాలునికి మొక్కలయందు ప్రేమ పుట్టించెను. అయితే చర్మవ్యాధిచేత ఎండను ఓర్వలేక పొలము పని సాగలేదు. 14వ యేట పిడింగ్టన్ గ్రామములో చెప్పులు కుట్టువాని యొద్ద పని నేర్చుకొనుటకు చేరెను. మన సంఘములలో అనేకుల పితరులు తోలుపని చేసినవారే గనుక ఈ సంగతిని మనము వేగముగా దాటిపోనక్కరలేదు. చాలాకాలమునకు పిమ్మట గొప్పవారి భోజనపు బల్లయొద్ద ఒకడు ఆయన పూర్వపు వృత్తిని ఎత్తి, బూట్లు తయారుచేయువాడు కాడా యని చులకన చేయగా, తాను తయారుచేయువాడను కూడ కాను, పాతవి బాగుచేయువాడను మాత్రమే యని కేరీగారు సరిదిద్దిరని చెప్పుదురు.

ఆ దుకాణములోనే తోడిపనివాడగు జాన్ వార్ అను యౌవనుని మూలముగా ఆయన క్రీస్తునొద్దకు వచ్చెను. ఇది 1779లో జరిగెను. 1783 అక్టోబరు 5న నీన్ నదిలో బాప్తిస్మము పొందెను. చెప్పులు కుట్టుచు లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చెను. మౌల్టన్ గ్రామములో బోధకుడుగా ఉన్నప్పుడు జీతము చాలక బడి చెప్పుచు, చెప్పులును కుట్టుచుండెను. లోకపటము చూచుకొని సువార్త చేరని దేశములకొరకు ప్రార్థించెను. ఆ ప్రార్థన పటమునుండి ఓడ యెక్కుటకు ఎనిమిదేండ్లు పట్టినది. 1792లో అన్యదేశములకు సువార్త పంపవలసిన బాధ్యతను గూర్చి చిన్న పుస్తకము అచ్చు వేయించెను. ఆ మే నెలలో నాటింగ్‌హాంలో యెషయా 54వ అధ్యాయముమీద ప్రసంగించెను. అక్టోబరు 2న కెటరింగు పట్టణములో ఒక విధవరాలి యింట కొద్దిమంది కూడి మిషను సంఘము స్థాపించిరి. ఆ దినమున ఒప్పుకొన్న చందా 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ఆవగింజ యెంత చిన్నదో అంతే.

1793 జూను 13న ఓడ యెక్కి, నవంబరు 11న వంగదేశము చేరెను. భార్య డొరతి అమ్మగారు మొదట రానని చెప్పి, ఓడ ఆలస్యమైనప్పుడు చివరి గడియలో తన చెల్లెలితో కూడ బయలుదేరెను. ఆ తరువాతి కాలమును గూర్చి దైవసేవకుల చరిత్రలు వ్రాయువారు కొందరు చప్పున దాటవేయుదురు. అది మాకు సమ్మతము కాదు. డబ్బు అయిపోయి సుందరవనముల అడవి యంచున కాపురము పెట్టిరి; అక్కడనుండి 1794లో మాల్దా ప్రాంతపు మదనాబతి అను చోట నీలిమందు తయారుచేయు కార్ఖానాలో కేరీగారికి ఉద్యోగము దొరకెను. ఆ యేటనే అయిదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. గోయి త్రవ్వుటకు, శవమును మోయుటకు మనుష్యులు దొరకుటయే కష్టమాయెను. ఆ తల్లికి మతి చలించెను. 1807 డిసెంబరులో ఆమె చనిపోవువరకు, పండ్రెండేండ్లు మించి, ఆ ఇంటిలో ఆ బాధ తగ్గలేదు. ప్రక్క గదిలో ఆమె కేకలు వేయుచుండగా ఈయన బల్లయొద్ద కూర్చుండి లేఖనములు తర్జుమా చేయుచుండెను. ఆయన ఓర్పు గొప్పదే. అయితే దాని వెలలో పెద్ద భాగము చెల్లించినది తాను కోరని దేశమునకు వచ్చిన ఆ తల్లి యని మేము తలంతుము. మిషను చరిత్రలో ఆమెకు దక్కిన పంక్తులు బహు కొద్ది.

ఈ మదనాబతి కాలమే కేరీగారి జీవితములో తేగ దిగిన కాలము. పగలు కార్ఖానా లెక్కలు చూచుట, సాయంకాలము చుట్టుప్రక్కల పల్లెలలో బోధించుట, రాత్రి బెంగాలీ, సంస్కృతము చదువుట, ఇదే ఆయన దినచర్య. క్రొత్త నిబంధన బెంగాలీలోనికి దాదాపు పూర్తిగా తర్జుమా ఆయెను. ఇన్నేండ్లలో బాప్తిస్మము పొందిన హిందువు ఒక్కడును లేడు. ఇంగ్లాండులో చందాలు వేసినవారు ఫలమెక్కడ అని అడుగుట సహజమే. ఆయన ఉత్తరములలో దుఃఖము, తన్ను తాను నిందించుకొనుట కనబడునే గాని పని మానుకొందునన్న మాట కనబడదు. భూమి తనంతట తానే మొదట మొలకను తరువాత వెన్నును పుట్టించునని ప్రభువు చెప్పిన ఉపమానములో విత్తినవాడు రాత్రి నిద్రించి పగలు లేచుచుండును (మార్కు 4:27). విత్తనమును మాటిమాటికి త్రవ్వి చూచుకొనువాడు అందులో లేడు.

1800 జనవరి 10న ఆయన కుటుంబముతో శ్రీరాంపూరు చేరెను. అది అప్పుడు డెన్మార్కు వారి యేలుబడిలోనుండెను గనుక, మిషనరీలను తన సీమలో ఉండనియ్యని ఈస్టిండియా కంపెనీ చేయి అక్కడికి చాలదు. మార్ష్‌మన్, వార్డు అను జతపనివారు అంతకుముందే అక్కడికి వచ్చియుండిరి. ఆ సంవత్సరాంతమున కృష్ణపాల్ అను వడ్రంగి జారిపడి భుజము తొలగగా మిషను వైద్యుడైన తామసుగారు దానిని సరిచేసెను. దానినిబట్టి అతడు వాక్యము వినుటకు వచ్చెను. 1800 డిసెంబరు 28న కేరీగారు తన కుమారుడు ఫెలిక్సును, కృష్ణపాల్‌ను హుగ్లీ నదిలో దిగి బాప్తిస్మమిచ్చిరి. కేరీగారు దేశమున అడుగుపెట్టి ఏడు సంవత్సరములు దాటెను. తామసుగారు అంతకంటె ముందునుండియే ఆ ప్రాంతమున పనిచేసి ఎదురుచూచినవాడు. ఆ దినము వచ్చునప్పటికి సంతోషము పట్టలేక ఆయన మతి తప్పెను. కృష్ణపాల్ తరువాత ఇరువదియేండ్లకు పైగా సువార్తికుడుగా తిరిగి 1822లో నిద్రించెను.

ఇక చెట్ల సంగతి చెప్పవలెను. శ్రీరాంపూరులో కేరీగారు కొన్ని యెకరముల తోట వేసిరి. దానిలో పూలమొక్కలు మాత్రమే గాక టేకు, మహాగని మొదలైన ఆలస్యముగా పెరుగు వృక్షములును పెంచిరి. మహాగని చెట్ల సాలు క్రింద ఉదయమున నడచుచు ప్రార్థించుట ఆయనకు అలవాటు. ఇంగ్లాండునకు, పరిచయమున్న ప్రతి రేవునకు విత్తనములు పంపుడని వ్రాయుచుండెను. కుమారుడు జాబెజ్ దూరపు అంబోయినా దీవికి సేవకు వెళ్లినప్పుడు కూడ అచ్చటి మొక్కలు పంపుమని కోరెను. ఒకసారి ఇంగ్లాండునుండి వచ్చిన విత్తనముల సంచిని ఖాళీచేసి, మిగిలిన మట్టిని తోట మూలను దులుపగా కొన్నాళ్లకు అక్కడ తన పల్లెలో పిల్లప్పుడు చూచిన డైసీ అను చిన్న పువ్వు పూసెను. ముప్పది యేండ్లుగా చూడని ఆ పువ్వును చూచి ఆయన పసివానివలె సంతోషించెను.

1811లో అచ్చయిన దినాజ్‌పూర్ వ్యవసాయమును గూర్చిన వ్యాసములో ఆయన, ఈ దేశమున కలప చెట్లు పెంచుట బొత్తిగా మరచిరని విచారించెను. సిస్సు, టేకు, మహాగని, బిల్లుడు, దిరిసెన వంటి చెట్లను పొలములలో ఒక్కొక్కటి ఫర్లాంగు ఎడముగా నాటినయెడల పైరుకు నష్టము లేదు, గాలి చల్లబడి మేలే కలుగును, పనికిరాని నేలలలో గుంపులుగా నాటి వాటి నీడను అల్లము, పసుపు పండించుకొనవచ్చునని సలహా చెప్పెను. రైతులైన మన చదువరులు దీనిని నేటికిని ఆలోచింపవచ్చును. మాకు ఇందులో తోచిన విశేషమేమనగా, అప్పటికి ఆయన వయస్సు యాబది యేండ్లు. ఆ యేట నాటిన టేకు దూలమగు నాటికి ఆయన ఉండడు. ఆ సంగతి ఆయనకు తెలియును. 1820 సెప్టెంబరులో కలకత్తాలో వ్యవసాయ తోటపనుల సంఘమును స్థాపించినదియు ఆయన పూనికచేతనే.

ఈ పనిలో ఆయనకు ఆప్తమిత్రుడు డాక్టరు విలియం రాక్స్‌బర్గు గారు. ఈయన కలకత్తా కంపెనీ తోటకు వెళ్లకముందు 1781 మొదలు 1793 వరకు మన గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి మన అడవులు తిరిగి మొక్కలు పరిశీలించినవాడు. ఆయన చనిపోయిన తరువాత ఆయన వ్రాసియుంచిన భారతదేశ వృక్షముల గ్రంథమును కేరీగారు పరిష్కరించి 1820 మొదలు శ్రీరాంపూరులో అచ్చు వేయించిరి. దానిలో అనేక వృక్షములకు తెలుగు పేర్లును ఇచ్చియున్నారు. రాక్స్‌బర్గు గారు ఒక వృక్షజాతికి తన మిత్రుని పేరే పెట్టి కేరియా యని పిలిచెను. ఉత్తరాదివారు కుంభి యని పిలుచు చెట్టు ఆ జాతిలోనిదే. మన తూర్పు కనుమలలోను కలదు. దాని బెరడు దళసరిది గనుక అడవి కాలినను అది సులువుగా చావదు.

కేరీగారికిని అగ్ని పరీక్ష తప్పలేదు. 1812 మార్చి 11 సాయంకాలము శ్రీరాంపూరు ముద్రణాలయములో నిప్పు పుట్టి కాగితము, అక్షరములు, వ్రాతప్రతులు కాలిపోయెను. ఏండ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు, ఆయన తయారుచేసియుంచిన తెలుగు వ్యాకరణము కూడ అందులో బూడిదయ్యెను. అచ్చుయంత్రములు మిగిలెను, కరిగిన సీసమును బూడిదలోనుండి ఏరి మరల అక్షరములు పోసిరి. కేరీగారు మొదటినుండి మరల వ్రాయనారంభించిరి. తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయ్యెను. విశాఖపట్టణములో లండను మిషనువారి డెగ్రాంజ్ గారు ఆనందరాయరు అను సహోదరుని సహాయముతో తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు అంతకుముందే 1812లో ఆ ముద్రణాలయముననే అచ్చుపడెను. శ్రీరాంపూరు వారి తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడెను.

ఇక్కడ ఒక మాట దాచక చెప్పవలెను. దాదాపు నలుబది భాషలలో లేఖనభాగములు అచ్చువేసిన ఈ తర్జుమాలలో అనేకము నిలువలేదు. పండితుల సహాయముతో ఒకే కాలమున అన్ని భాషలు చేపట్టుటవలన తప్పులును, జనులకు అర్థముకాని మాటలును దొర్లెను. తెలుగును కూడ తరువాతివారు క్రొత్తగా తర్జుమా చేయవలసివచ్చెను. మహాగనికి అరువది యేండ్లు ఇచ్చుటకు ఇష్టపడిన మనుష్యుడు భాషల విషయములో తొందరపడెనని కొందరు చెప్పుదురు. అది కొంతవరకు నిజమే. అయినను నశించిపోవు ఆత్మలను గూర్చిన ఆతురతలో ఆయన తొందరపడెను గాని, ఫలము తన కాలముననే కనబడవలెనని కాదు. తర్జుమాలు మరల మరల దిద్దుచునే యుండెను. బెంగాలీ క్రొత్త నిబంధనను తన జీవితకాలములో ఎనిమిదిసారులు అచ్చు వేయించెను.

1818లో ఆయన, మార్ష్‌మన్, వార్డుగారలు కలిసి శ్రీరాంపూరు కళాశాలను స్థాపించిరి. 1827లో డెన్మార్కు రాజు దానికి పట్టములిచ్చు అధికారము దయచేసెను. ఆ అధికారమును వేదాంత పట్టములకు మొదటిసారి వాడినది 1915లో. అనగా ఎనుబది యెనిమిది సంవత్సరములకు ఆ చెట్టు ఈ కాపు కాచెను. నేడు మన తెలుగు సంఘముల బోధకులలో అనేకులు పొందుచున్న వేదాంత పట్టములు శ్రీరాంపూరువే.

1823 అక్టోబరులో కేరీగారు కలకత్తానుండి రాత్రివేళ తిరిగివచ్చి పడవ దిగుచు జారిపడెను. తుంటి దెబ్బతిని చాలా దినములు మంచము దిగలేదు. మాసములతరబడి కఱ్ఱల ఊతతో నడచెను. ఆయన మంచముమీద ఉండగానే దామోదర నది వరద వచ్చి ఆ ప్రాంతమును ముంచి, తోటను ఇసుక మేటవేసి పాడుచేసెను. అప్పటికి ఆయనకు అరువదిరెండేండ్లు. ఆ వయస్సున మరల చెట్లు నాటుటయెందుకని అడుగువారు ఉందురు. ఆయన నాటించెను. అంజూరపు చెట్టు చుట్టు త్రవ్వి యెరువు వేసి ఇంకొక యేడు చూతునని బ్రతిమాలుకొన్న తోటమాలి (లూకా 13:8) మాకు ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు. ఆ యేటి తరువాత ఏమి జరిగెనో ప్రభువు చెప్పలేదు. పని మాత్రము చెప్పెను.

నలుబది యేండ్లు ఒక్కసారియైనను ఇంగ్లాండునకు తిరిగి వెళ్లక ఆయన ఇక్కడనే యుండెను. 1829 డిసెంబరులో సతీసహగమనము నిషేధించిన శాసనమును బెంగాలీలోనికి తర్జుమా చేసినదియు ఆయనే. చివరి మాసములలో నడువలేనప్పుడు బండికుర్చీలో కూర్చుండబెట్టి తోటలోనికి తీసికొనిపోవుచుండిరి. అదియు సాగనప్పుడు పెద్ద తోటమాలి ప్రతిదినము ఆయన గదికి వచ్చి, ఏ మొక్క ఎట్లున్నదో చెప్పి, చేయవలసిన పని అడిగి తెలిసికొనిపోవును. తాను పోయిన తరువాత మార్ష్‌మన్‌గారు ఆవులను తోటలోనికి తోలించునేమో యని ఒకనాడు దిగులుపడగా, మార్ష్‌మన్‌గారు అట్టి తలంపు తనకు దూరమగునుగాక యనియు, ఆ తోటను దైవభక్తితో కాపాడుదుననియు మాట ఇచ్చెను. 1834 జూను 9వ తేదీ తెల్లవారుజామున కేరీగారు ప్రభువునందు నిద్రించెను. సమాధి రాతిమీద తన పేరు, పుట్టిన దినము, చనిపోయిన దినము, ఐజక్ వాట్సుగారి కీర్తనలోని రెండు చరణములు తప్ప మరేమియు చెక్కరాదని ముందుగానే వ్రాసియుంచెను. అట్లే చేసిరి.